వెనక సీటులో మెంజి

సింహాలు ఫలానా చోట ఉన్నాయని తెలిస్తే ఆ పార్కులో ఎవరైనా బండి అటే పోనిస్తారు. ఫిందిలే మాత్రం వెనక్కి తిప్పింది.

కబురు చెప్పినవాళ్ళు ఎదురుగా జీపులో వచ్చిన తెల్ల దంపతులు. ఇద్దరి మెడల్లోనూ దుర్భిణులు, ఆవిడ ఒళ్ళో పక్షుల బొమ్మల పుస్తకం. దారిలో కలిసిన బండినల్లా ఆపి, ఎవరేం చూశారో చెప్పుకోవడం పార్కుకి వచ్చేవాళ్ళ మర్యాద. "వంపు దాటగానే ఎడమ పక్క నీడలో పడుకుని ఉన్నాయి. తొందరగా వెళ్ళండి, లేచిపోతాయి," అన్నాడాయన, సొంత సింహాలను చూపిస్తున్నంత మురిపెంగా. ఫిందిలే రెండు చేతులూ దగ్గరికి చేర్చి మేలు చేశారని చెప్పింది. జీపు లేపిన దుమ్ము సర్దుకునేదాకా ఆగి, గేరు మార్చి, బండ్లు మూగే ఆ వంపు వదిలి, వచ్చిన దారినే వెనక్కి మళ్ళింది.

"పాపం, ఎంత మంచి మనుషులో," అన్నాడు వెనక సీటులోంచి బాబా ఫలాఖే. "నిన్నట్నుంచి ఇది ఏడో బండి. మనకి సింహాన్ని చూపించకుండా ఇంటికి పోరనుకుంటా."

"నీ నోటికి కాసేపు తాళం వేసి, ఆ తెల్లరాయి ఎక్కడుందో చూడు," అంది ముందు సీటులోని మాజుంగు.

"చూస్తూనే ఉన్నా మాజుంగూ. నేను నోటితో చూడనుగా. మకోటీ, కాస్త నెమ్మదిగా పోనీ అమ్మా. ఈ గుంటలకి నా పళ్ళు ఊడితే అవి కూడా పార్కు సొత్తే అంటారు."

మకోటి అంటే కోడలు. ఫిందిలే ఆ మాటకి నవ్వలేదు గానీ బండి నెమ్మది చేసింది. ముసలాయన ఆమె మామగారి తమ్ముడు. ఆయన ముందు భుజాలు కనబడకూడదని ఎండలో కూడా ఉన్ని శాలువా కప్పుకునే నడుపుతోంది. అది స్టీరింగు తిప్పినప్పుడల్లా జారుతుంది. జారినప్పుడల్లా ఒక చేత్తో పైకి లాక్కుంటుంది. పక్కనున్న అత్తగారు మాజుంగు అది చూసి, తన జాకెట్టుకున్న పిన్నీసు తీసి, శాలువా రెండు కొసలనూ కోడలి గొంతు దగ్గర కలిపి గుచ్చింది.

బాబా కాళ్ళ దగ్గర, గొంగళి కింద, ఇంటి దగ్గర కోసుకొచ్చిన ముళ్ళరేగు కొమ్మ ఉంది.

మాజుంగు కొడుకు, ఫిందిలే మొగుడు మెంజి శరీరం రెండేళ్ళ కిందటే పోలీసు బండిలో ఇల్లు చేరింది. పశువుల దొడ్డి పక్కన పూడ్చారు. మనిషి మాత్రం రాలేదు. ఊపిరి పోయిన చోటికి ఇంటివాళ్ళు వెళ్ళి, ముళ్ళరేగు కొమ్మ నేలకి తాకించి, పేరు పెట్టి పిలిచి వెంట తెచ్చుకునేదాకా పోయినవాడు అక్కడే తిరుగుతుంటాడు. ఆసుపత్రిలో పోతే ఆసుపత్రికి వెళ్తారు. బస్సు కింద పడి పోతే ఆ రోడ్డుకి వెళ్తారు. మెంజి పోయింది పార్కు కంచె లోపల. ఖడ్గమృగం కొమ్ము కోసం దూరిన దొంగ అని కాపలావాళ్ళు కాల్చేశారు. ఒక్కసారి లోపలికి వెళ్ళి మా వాణ్ణి తెచ్చుకుంటామని అడిగితే ఆఫీసులో దరఖాస్తు పుచ్చుకున్నారు, అంతే, మళ్ళీ పలకలేదు. మాజుంగుకి మాత్రం కలలో కొడుకు ఎండిన వాగులో కూర్చుని దుప్పటి అడుగుతూనే ఉన్నాడు. చివరికి పాస్టరుగారి పాత టొయోటా అరువు తెచ్చుకుని, అందరిలాగే టిక్కెట్టు కొని, గది తీసుకుని, జంతువుల్ని చూడ్డానికి వచ్చినవాళ్ళలా లోపలికి వచ్చారు. కన్నకొడుకు చచ్చిన చోటు చూడ్డానికి తల్లి టిక్కెట్టు కొనాల్సిన రోజులివి. గది గడువు మర్నాడు పొద్దున్నతో తీరిపోతుంది.

వాళ్ళ దగ్గరున్న ఆనవాలు ఒక్కటే. హ్లబీసా ఊళ్ళో పోలీసు ఒకడు జాలిపడి, నేల మీద పుల్లతో గీసి చూపించాడు: మట్టిదారి, దాని పక్కన సున్నం కొట్టిన తెల్లరాయి, దిగువన ఎండిన వాగు, వాగు ఒడ్డున పసుపుపచ్చ బెరడున్న తుమ్మచెట్లు రెండు, జంటగా. ఆ జంట కోసం ఉన్న వాగులన్నిటి వెంటా తిరిగారు. తెల్లరాళ్ళు చాలా కనిపించాయి. చెట్ల జంట మాత్రం కనిపించలేదు.

మధ్యాహ్నం అదే దారిలో మరోసారి పోతుంటే పార్కు కాపలా బండి అడ్డంగా వచ్చి ఆగింది. ఆకుపచ్చ బట్టల్లో ఇద్దరు, తుపాకులతో. వెనకే వస్తున్న రెండు బండ్లకి దారిచ్చి పంపేశారు. ఆ బండ్లలో తెల్లవాళ్ళున్నారు.

"ఈ రోడ్డు మీదకి పొద్దున్నుంచి ఇన్నిసార్లు ఎందుకొస్తున్నారు?" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు, జూలూ భాషలోనే.

"జంతువులు చూడ్డానికి కదా బాబూ వస్తారు పార్కుకి," అన్నాడు ఫలాఖే.

"మరి దుర్భిణి ఏది?"

"మా ఇంటావంటా లేదు. మా నాన్న ఉత్త కళ్ళతోనే సింహాన్ని చూశాడు. సింహం కూడా ఉత్త కళ్ళతోనే చూసింది."

రెండోవాడు నవ్వాపుకున్నాడు. పెద్దవాడు నవ్వలేదు. డిక్కీ తెరవమన్నాడు. మొక్కజొన్న పిండి, చేపల డబ్బాలు, ఉడకబెట్టిన గుడ్లు, మాజుంగు చర్చి బట్టలు, అన్నీ తీసి దారిలో పెట్టించాడు. ఫిందిలే తీసి పెడుతుంటే ఆమె చేతుల్నే చూస్తూ నిలబడ్డాడు. వెనక సీటు దగ్గరికి వచ్చి, ఫలాఖే మోకాళ్ళ మీది గొంగళి చూసి, ముసలాయన దగ్గడం మొదలుపెట్టేసరికి వదిలేశాడు. ఆ దగ్గు మాత్రం నిజమైనదే.

"ఇటు ఖడ్గమృగాలు తిరుగుతాయి. ఇక్కడ ఊరికే ఆగారంటే నా కంటికి వేరేగా కనిపిస్తారు," అన్నాడు వెళ్తూ.

మాజుంగు అంతసేపూ ముందుకే చూస్తూ కూర్చుంది. ఆ ఇద్దరి మొహాలూ చూడలేదు. తన కొడుకుని కాల్చిన చెయ్యి వాళ్ళలో ఎవరిదైనా కావచ్చునని ఫిందిలేకి తట్టింది, అత్తగారికి ముందే తట్టి ఉంటుందని కూడా తట్టింది. సామాను మళ్ళీ సర్దుతుంటే పిండి సంచి చిరిగి సగం మట్టిలో పోయింది.

సాయంకాలం కొండమీది బసలో, పొద్దు గుంకక ముందే, మాజుంగు ఆ మిగిలిన పిండితోనే సంకటి కెలికింది. చేపల డబ్బా విప్పి ఉల్లిపాయలు వేసి వేడి చేసింది. పళ్ళేలు నాలుగు పెట్టింది. నాలుగో పళ్ళెంలో అందరికంటే ఎక్కువే వడ్డించి, గోడవారగా నేల మీద పెట్టి, పైన మూత వేసింది. పక్క గదివాళ్ళు మాంసం కాలుస్తూ పెద్దగా నవ్వుతున్నారు. కోతి ఒకటి మెట్ల మీదికి వచ్చి ఆ మూతనే చూస్తోంది. ఫలాఖే చేతికర్ర పట్టుకుని దానికి కాపలా కూర్చున్నాడు.

"రేపు దొరుకుతుంది ఆ చోటు," అన్నాడు. "దొరికిందంటే ఎక్కువసేపు నిలబడనివ్వరు. అందుకని ఇప్పుడే అనుకుందాం ఏం చెప్పాలో. 'మెంజీ, షాందూ, తప్పిపోయిన ఎర్రావుని వెతుక్కుంటూ వచ్చి నువ్వు పడిపోయిన చోటికి వచ్చాం' అని, మన వంశం పేరుతోనే మొదలుపెడతా. అంతేగా మాజుంగూ?"

"అంతే. ఎర్రావు సంగతి తప్పకుండా చెప్పు," అంది మాజుంగు. "జనం ఏమన్నా అననీ. వాడు ఆవు కోసమే వచ్చాడు."

గిన్నె తోముతున్న ఫిందిలే చెయ్యి ఆగింది. మళ్ళీ తోమసాగింది.

మెంజి వెళ్ళిపోయిన ఆ సాయంత్రం దొడ్డి గుమ్మానికి అడ్డకర్ర వేసింది ఫిందిలేనే. ఎర్రావు ఆ కర్రకి గంగడోలు రుద్దుకుంటూ అక్కడే నిలబడి ఉంది. తర్వాత లైట్లు వేసుకోని కారొకటి వాకిట్లోకి వచ్చింది. మెంజి కొత్త బూట్లు వేసుకున్నాడు, గొడ్డలి తీసుకున్నాడు, ఎక్కడికని అడిగితే "పొద్దున్నే వచ్చేస్తా, అమ్మని లేపకు" అన్నాడు. శవం ఇంకా రాక ముందే, ఊరంతా కొంపకి చేరినప్పుడు, మాజుంగు ఆవు కథ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆవు ఇంకాస్త దూరం తప్పిపోయేది. ఫిందిలే అవునని తలూపింది. ఆ కథ పట్టుకునే ముసలిది రెండేళ్ళుగా చర్చికి పోతోంది, సంతకి పోతోంది, తలెత్తుకుని తిరుగుతోంది. దాన్ని ఆమె చేతుల్లోంచి లాగెయ్యడానికి ఫిందిలేకి మనసు రాలేదు. మొగుడి మీద కోపం ఉంది, చాలా ఉంది. కానీ ఆ కోపాన్ని ఎక్కడ దించుకోవాలో ఇన్నాళ్ళూ తెలియలేదు.

పొద్దున్నే గది తాళం అప్పజెప్పేశారు. గేటుకి పోయే తారురోడ్డు ఎక్కాల్సిన చోట ఫిందిలే బండిని మట్టిదారిలోకి దించింది. ఇదే ఆఖరి చుట్టు అని ముగ్గురికీ తెలుసు.

ఏనుగులు దాటిన గుర్తులున్నాయి. పేడ ఇంకా పొగలు కక్కుతోంది. ఒక దిగువ దగ్గర ఫిందిలే బ్రేకు మీద కాలు వేసింది. గడ్డిలో తెల్లరాయి పక్కకి ఒరిగి ఉంది. దాని కింద వాగు. వాగు ఒడ్డున పసుపుపచ్చ తుమ్మచెట్టు ఒక్కటే నిలబడి ఉంది. రెండోది వేళ్ళతో సహా లేచి వాగులోకి పడి ఉంది, బెరడంతా ఏనుగులు ఒలిచేశాయి. జంట కోసం వెతుకుతూ వాళ్ళు ఈ చోటు మీదుగా ఎన్నిసార్లు పోయారో.

"ఇదే," అంది మాజుంగు. అద్దం దించి, చెయ్యి బయటికి చాపి, ఏదో వాసన చూసినట్టు కూర్చుంది.

పార్కులో బండి దిగకూడదు. ఫిందిలే ఇంజను ఆపకుండా, తలుపు తెరిచి, ఒక కాలు కింద పెట్టి దారి రెండు వైపులా చూస్తూ నిలబడింది. బాబా ఫలాఖే చెప్పులు విప్పి సీటు కింద పెట్టాడు. కొమ్మ పట్టుకుని వాగు ఒడ్డు దాకా వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేల మీది ఎండుటాకులు చేత్తో పక్కకి తోశాడు. తర్వాత కొమ్మతో నేల తుడుస్తూ, వంశం పేర్లన్నీ ఒక్కటొక్కటిగా పిలిచి, ఎర్రావు సంగతి చెప్పి, "లేవరా షాందూ, నిన్ను తీసుకుపోవడానికి వచ్చాం," అన్నాడు. కొమ్మ ఎత్తాడు. మళ్ళీ దించాడు. మళ్ళీ పేర్లు పిలిచాడు.

"రాలేదు," అన్నాడు తిరిగి చూడకుండానే.

"ఎలా తెలుసు?" అంది మాజుంగు బండిలోంచి.

"మా అన్న పోయినప్పుడు డర్బన్ రేవు నుంచి తెచ్చింది నేను కాదూ? ఆ రోజు కొమ్మ బరువుకి నా భుజం లాగేసింది. ఇది ఉత్త కట్టె. వాడు వింటున్నాడు మాజుంగూ, లేవట్లేదు. మనం చెప్పేదేదో వాడికి నచ్చట్లేదు."

దూరంగా, గుట్ట మీద దుమ్ము లేచింది. ఏదో బండి వస్తోంది. ఫిందిలే ఆ దుమ్మునీ, బాబా చేతిలోని కొమ్మనీ మార్చి మార్చి చూసింది. ఇప్పుడు చెప్పకపోతే మెంజి ఈ వాగులోనే ఉండిపోతాడు. చెబితే ముసలిది ఇక్కడే కూలిపోతుంది.

"బాబా, ఆ రోజు ఆవు..." అంది.

"నువ్వు ఊరుకో మకోటీ," అంది మాజుంగు.

తలుపు తెరుచుకుని దిగింది. మోకాళ్ళు పట్టేసి ఉన్నాయేమో, బండి మీద చెయ్యి ఆనించుకుంటూ ముందుదాకా నడిచి, అక్కణ్ణుంచి చెయ్యి వదిలేసి నడిచింది. మరిది చేతిలోంచి కొమ్మ తీసుకుంది. ముళ్ళు చూసుకోలేదు. మోకాళ్ళ మీద కాదు, నేల మీద చతికిలబడింది, ఇంటి వాకిట్లో కూర్చున్నట్టు.

"మెంజీ. నేనురా, అమ్మని. ఆ రోజు ఏ ఆవూ తప్పిపోలేదు. ఎర్రావు దొడ్లోనే ఉంది. నువ్వు గొడ్డలి పట్టుకుని కారెక్కడం నేను తలుపు సందులోంచి చూశాను. ఎక్కడికిరా అని అడగలేదు. అడిగితే నిజం చెప్తావేమోనని భయం. అంతకు ముందు కూడా ఒకసారి వెళ్ళొచ్చావు. అదీ తెలుసు. నువ్వు తెచ్చిన మాంసం తిన్నాను. నువ్వు కొన్న దుప్పటి కప్పుకున్నాను. వెచ్చగా ఉందన్నాను కూడా." ఊపిరి తీసుకుంది. "నువ్వు దొంగతనానికే వచ్చావు. నా కొడుకువి, దొంగతనానికి వచ్చావు. పట్టుకుంటే కట్టేసి కొట్టాలి, జైల్లో పెట్టాలి, నేను అన్నం మూట కట్టుకుని వచ్చేదాన్ని. కాల్చేముందు నీ పేరు కూడా ఎవరూ అడగలేదురా. నేను అడగాల్సింది నేనూ అడగలేదు. నీ పెళ్ళాం నా పరువు కోసం ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకుని కూచుంది. నాకు తెలియదనుకుంది, పిచ్చిది. ఇంక చాలు. లే, ఇంటికి పోదాం. కోపముంటే అక్కడికొచ్చి నా మీద తీర్చుకో."

కొమ్మని నేల మీద ఒక్కసారి దువ్వింది. తర్వాత రెండు చేతులతో, నిద్రపోతున్న పిల్లవాణ్ణి ఎత్తుకున్నట్టు, నెమ్మదిగా ఎత్తి భుజానికి ఆనించుకుంది. లేవడానికి ఫలాఖే చెయ్యి అందించాడు. ఆ చెయ్యి వంక చూసింది గానీ అందుకోలేదు. తనంతట తనే లేచింది. వచ్చాడా అని ఎవరూ అడగలేదు.

కొమ్మ మోసేది ఆమె కాబట్టి, ఇక ఇల్లు చేరేదాకా బతికున్నవాళ్ళతో మాట్లాడకూడదు. వెనక సీటులో కూర్చుంది. కిటికీ పక్క చోటు మెంజికి వదిలింది. బాబా ఫలాఖే ముందుకొచ్చి కోడలి పక్కన కూర్చోవాల్సి వచ్చింది. వీలైనంత తలుపువైపుకి ఒదిగి, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు. గుట్ట మీది బండి దగ్గరికొచ్చి, ఎండలో మెరుస్తూ, ఆగకుండా దాటిపోయింది. పొద్దున్నే బయల్దేరిన సందర్శకులే.

"మెంజీ, వాగు దాటుతున్నాం," అంది మాజుంగు వెనకనుంచి. "ఇదిగో తారురోడ్డు. మీ బాబాయి ముందు కూర్చున్నాడు. నడుపుతోంది ఫిందిలే. నువ్వు నేర్పినట్టే నడుపుతోంది, క్లచ్చు మీంచి కాలు తియ్యదు."

ఫిందిలేకి దారి మసకబారింది. మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది.

"ఆవు సంగతి నీకూ తెలుసా?" అన్నాడు ఫలాఖే, చాలాసేపటికి, లోగొంతుకతో.

"తెలుసు బాబా."

"ఒకే పొయ్యి దగ్గర కూర్చుని, ఒకరికి తెలియకుండా ఒకరు..." అని ఆగిపోయాడు. తర్వాత గేటు దాకా ఆయన ఒక్క వేళాకోళం కూడా ఆడలేదు.

గేటు దగ్గర అడ్డగడ దించి ఉంది. బయటికి పోయే ప్రతి బండినీ చూస్తారు. ఇరవయ్యేళ్ళు దాటి ఎన్నాళ్ళూ కాని కుర్రవాడు, భుజాన తుపాకి, ఎండకి మొహం ముడుచుకుని వచ్చాడు. డిక్కీ చూశాడు, సీట్ల కింద చూశాడు. వెనక తలుపు తెరిచాడు. మాజుంగు చేతుల్లో కొమ్మ ఉంది. ముళ్ళు గీరుకుని ముంజేతుల మీద నెత్తురు ఎండి ఉంది.

"అమ్మమ్మా, మొక్కలు బయటికి తీసుకెళ్ళకూడదు. ఆకు కూడా. అది ఇక్కడ పెట్టెయ్యండి."

మాజుంగు పలకలేదు.

"అది మా ఇంటి చెట్టుది బాబూ. మేమే తెచ్చుకున్నాం," అన్నాడు ఫలాఖే. "చూస్తే నీకే తెలుస్తుంది ఏమిటో. నువ్వు మనవాడివేగా."

కుర్రవాడికి తెలిసింది. మొహం చూస్తేనే తెలిసిపోయింది. "ఎవరు?" అన్నాడు.

"మా అన్న కొడుకు."

"ఎక్కడ?"

"లోపల. మీవాళ్ళ చేతిలో."

కుర్రవాడు తల తిప్పి గేటు గదివైపు చూశాడు. కిటికీలో పై అధికారి తల కనిపిస్తోంది. "బాబా, నా చేతుల్లో లేదు. ఆయన చూస్తే నా ఉద్యోగం పోతుంది. అమ్మమ్మా, నా మాట విను. ఇటివ్వు," అని చెయ్యి చాపాడు. వంగేసరికి తుపాకి భుజం మీంచి జారి సీటు అంచుకి తగిలింది. ఖాళీ చోటు వైపుకి.

మాజుంగు ఒక చెయ్యి కొమ్మ మీంచి తీసి, ఆ ఖాళీ సీటు మీద అడ్డంగా పెట్టింది. కొడుకువైపే తిరిగి చెప్పింది.

"భయపడకురా మెంజీ. తుపాకి ఉంది, నిజమే. పరిగెత్తకు. నువ్వు పరిగెత్తితేనే కాలుస్తారు. కదలకుండా కూర్చో. ఈసారి నేను పక్కనే ఉన్నాను. ఈ అబ్బాయి నిన్ను పేరడుగుతాడు. అడిగాక చెబుదాం."

కుర్రవాడు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. తర్వాత తుపాకిని రెండు చేతులతో పట్టుకుని వీపు వెనక్కి తోసేసుకున్నాడు. ఏదో అనబోయాడు, ఆమెతో మాట్లాడకూడదని గుర్తొచ్చి ఆగాడు. ఫలాఖేవైపు తిరిగాడు.

"పేరేమిటి బాబా?"

"మెంజి. మెంజి మ్బాతా."

"మెంజి మ్బాతా," అన్నాడు కుర్రవాడు, పెద్దల ముందు అన్నట్టు, తల వంచి.

"ఏమిటంతసేపు? ఏముంది ఆ బండిలో?" అని కిటికీలోంచి గొంతు వినిపించింది.

కుర్రవాడు వెనక తలుపు చప్పుడు కాకుండా మూశాడు. "ఏం లేదు సార్," అని కేకేశాడు. "మనుషులే."

అడ్డగడ లేచింది. ఫిందిలే గేరు వెయ్యబోతే సగంలో పట్టేసింది. ఫలాఖే కోడలి చేతిని తాకకూడని మనిషి. గేరు కర్ర కింది భాగం పట్టుకుని, ఆమె వేళ్ళకి తన వేళ్ళు తగలకుండా, ముందుకి నెట్టాడు. బండి కదిలింది.

"గేటు దాటాం మెంజీ," అంది మాజుంగు. "ఇంకా దూరముంది. నిద్రొస్తే పడుకో."